రాత్రివేళ విమానము నడపుట

ఈ వేసవిలో ఒకనాటి రాత్రి ప్రొద్దుటూరిలో మా మిద్దెమీద చాపలు పఱచుకొని పండుకొనియుంటిమి. వడగాలి తగ్గి, అప్పుడప్పుడే చల్లగాలి తిరుగుచుండెను. జమ్మలమడుగునుండి మా చెల్లెలును, ఆమె కూతురును వచ్చియుండిరి. ఆకాశమున మినుకుమినుకుమనుచు ఒక విమానదీపము సాగిపోవుచుండగా పిల్ల దానివంక చేయి చాచి, "పెద్దమ్మా! నేను దానిని నడపుట నేర్చుకొందును. నాయనతో నీవే చెప్పవలెను" అనెను. దాని తండ్రి పులివెందులలో ఉద్యోగమున నున్నాడు. వారమున కొకసారి ఇంటికి వచ్చును. మా చెల్లెలు దిగ్గున లేచి కూర్చుండి, "పగటిపూట ననుకొనుటకే నాకు గుండెదడ. రాత్రిపూట కూడ ఎగురవలెనట! ఆ మాట మీ పెద్దమ్మకు చెప్పితివా?" అని అడిగెను.

పిల్ల చెప్పలేదు. నాకును తెలియదు. ఆ రాత్రి ఆ మాట అంతటితో ఆగినది గాని, నా మనస్సున మాత్రము ఆగలేదు. చీకటిలో విమానము నడపుటయందలి అపాయ మేమిటి? చీకటియే అపాయమా, చీకటిలో మఱేదైన కలదా? ఆడపిల్లను పంపవలెనా, మానవలెనా యని నిర్ణయించుటకు ముందు, దేనికి భయపడవలెనో తెలిసికొని భయపడుట మంచిదని తోచెను. తెలిసినవారిని అడిగి, పుస్తకములు తిరుగవేసి నేను తెలిసికొన్నది సోదరీమణులకు విన్నవించుచున్నాను.

మొదట చట్టముమాట. విమానము నడపి జీవనము చేయదలచిన వారికి మన దేశమున ప్రభుత్వ మిచ్చు అనుమతిపత్రమునకు మొత్తము 200 గంటల అభ్యాసము కావలెను. అందు 5 గంటలైనను రాత్రివేళ ఎగిరి, తాను యజమానియై పదిమార్లు లేచి, పదిమార్లు దిగియుండవలెను. కావున రాత్రి వద్దు, పగలే చాలునను బేరము ఇచ్చట చెల్లదు. ఇక సూర్యాస్తమయమైన 20 నిమిషములకు పిమ్మట, కేవలము కంటిచూపు నాధారము చేసికొని ఊరినుండి ఊరికి ఎగురుటను మన నియమము లొప్పవు. నేర్చుకొనువారు విమానాశ్రయము చుట్టుపట్లనే, అధికారుల అనుమతితో మాత్రమే తిరుగవచ్చును. ఆ కట్టుబాటును చూచినప్పుడే నాకు కొంత ధైర్యము కలిగెను. భయమున్నచోట నియమముండుట మంచి గుఱుతే గదా.

ఇది మన జిల్లాకు దూరపుమాట కాదు. మూతపడియున్న కడప విమానాశ్రయము 2015 జూన్ నెలలో మఱల తెఱవబడినది. 2022లో దేశపు విమానాశ్రయాధికారసంస్థవారు పైలట్లను తయారుచేయు పాఠశాలల కొఱకు ఎంచిన అయిదు స్థలములలో భావనగరు, హుబ్బళ్ళి, కిషన్‌గఢు, సేలములతోపాటు కడపయు నున్నది. పూర్వము మన పిల్లలకు ఈ విద్య కావలెనన్న హైదరాబాదునకో బెంగుళూరునకో పోవుట తప్ప వేఱు దారి తోచెడిది కాదు.

ఆడువారి కీ విద్య క్రొత్తయు కాదు. సరళా థక్రాల్ అను నామె 1936లో, 21 ఏండ్ల ప్రాయమున, నాలుగేండ్ల బిడ్డకు తల్లియై యుండి, చీర కట్టుకొని లాహోరులో ఒంటరిగా జిప్సీమాత్ విమానము నడపెను. ప్రేమ్ మాథుర్ అను నామె 1947లో వృత్తిపైలట్టు అనుమతి పొంది, అనేక సంస్థలు త్రోసిపుచ్చిన పిమ్మట మన హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థయందు ఉద్యోగమున చేరెను. ఆడుది నడపుచున్నదని తెలిసినచో ప్రయాణీకులు జడియుదురని ఇతరు లనిరట! నేడు మన దేశపు పైలట్లలో నూటికి 15 మంది వఱకు స్త్రీలే యని 2022లో ప్రభుత్వమువారు చెప్పిరి. కావున "ఆడపిల్ల కేల?" అను ప్రశ్నను నేను తీసివైచితిని. మా చెల్లెలి ప్రశ్నయే మిగిలినది.

దానికి జవాబు కంటియొద్ద మొదలగును. వెలుతురునుండి చీకటిలోనికి వచ్చిన కన్ను పూర్తిగా అలవడుటకు అరగంట పట్టును. ఒక్క క్షణము ప్రకాశవంతమైన దీపము తగిలినచో ఆ అరగంట సంపాదన యంతయు పోవును. మఱల మొదటినుండి రావలసినదే. అందుచే పైలట్లు రాత్రి విమానములో మందమైన దీపమునే వాడుదురు. మఱియొకటి, చీకటిలో మన కంటి నడిమిభాగము దాదాపు గ్రుడ్డిది. చలికాలపు రాత్రులలో కృత్తికలను, మన పల్లెలలో పిల్లలకోడి యందురే, వానిని తేఱిపాఱ చూచిన నక్షత్రములు తగ్గును. కొంచెము ప్రక్కకు చూపు త్రిప్పిన ఎక్కువ కనబడును. చీకటిలో దేనినైన చూడవలెనన్న దాని ప్రక్కను చూడవలెనన్న మాట. ఇది అభ్యాసమున వచ్చును. రేచీకటి ఉన్నవారికి, ఎఱుపు పచ్చల భేదము తెలియనివారికి ఈ విద్య తగదు. విమానపు ఎడమరెక్కన ఎఱ్ఱదీపమును, కుడిరెక్కన పచ్చదీపమును, తోకయందు తెల్లదీపమును ఉండును గనుక, ఆ రంగులనుబట్టియే ఎదుటివాడు వచ్చుచున్నాడో పోవుచున్నాడో తెలియవలెను. పిల్లలకు మునగాకు, తోటకూర పెట్టుడని మనపెద్దలు చెప్పినది ఇచ్చట కూడ పనికివచ్చును.

కన్ను చేయు మోసము మఱియొకటి కలదు. చీకటిలో ఒంటరిగా నున్న ఒక చిన్నదీపమును ఱెప్పవేయక కొంతసేపు చూడుడు. అది కదలుచున్నట్లు తోచును. దీపము కదలలేదు, మన కన్నే కదలినది. దూరపు పల్లెలోని దీపమును ఎదురువచ్చు విమానమనుకొని తప్పుకొనబోయిన పైలట్లు కలరు.

అయినను కంటిమోసము చిన్నది. పెద్దమోసము చెవిలో నున్నది. మన చెవిలోపల వెండ్రుకవంటి సన్నని వంపుగొట్టములు మూడున్నవి. వానియందలి ద్రవము కదలుటనుబట్టి మనము తిరుగుచున్నామో, వంగినామో మెదడునకు తెలియును. నేలమీద నడచువానికి ఇది చక్కని ఏర్పాటు. ఆకాశమున ఎగురువానికి కాదు. కావలసిన మీరే పరీక్షింపవచ్చును. తిరుగు కుర్చీలో ఒకరిని కూర్చుండబెట్టి, కన్నులు మూయించి, ఒకే వేగముతో మెల్లగా త్రిప్పుడు. అరనిమిషము లోపలనే వారికి తిరుగుచున్నట్టు తెలియుట మానును. అప్పుడు కుర్చీని ఆపుడు. "ఇప్పుడు ఎటు తిరుగుచున్నావు?" అని అడుగుడు. కదలక కూర్చున్నవారు ఎదురుదిక్కునకు చేయి చూపుదురు! మేము చేసితిమి. నేనును తప్పే చెప్పితిని. పడిపోవకుండ ఒకరు పట్టుకొనియుండుట మంచిది.

ఇప్పుడు ఆ కుర్చీని ఆకాశమున నుంచుడు. పగలైనచో నేలకును నింగికిని నడుమ గీత కనబడును. చెవి ఏమి చెప్పినను కన్ను దానిని సరిదిద్దును. చంద్రుడు లేని రాత్రియందు ఆ గీత యుండదు. విమానము మెల్లమెల్లగా ఒక ప్రక్కకు ఒరిగిన చెవికి తెలియదు. ఒరిగిన విమానము ముక్కు దించును, వేగ మెక్కును, ఎత్తు తగ్గును. నడపువాడు తాను సమముగా పోవుచున్నాననుకొని, ఎత్తు తగ్గినదని మాత్రమే చూచి ముక్కు పైకి లాగును. ఒరిగియున్న విమానమును లాగినకొలది అది సుడి మఱింత బిగించుకొని తిరుగును. అతడు చేసిన సవరణయే అతనిని క్రిందికి దింపును.

1954లో అమెరికాలోని ఇలినాయి విశ్వవిద్యాలయమువారు దీనిని పరీక్షించిరి. పరికరములనుబట్టి నడపుట యెఱుగని 20 మందిని ఎన్నుకొని, బయట ఏమియు కనబడకుండ చేసి, ప్రక్కన శిక్షకుని నుంచి విమానము నడపుమనిరి. ఇరువదిమందియు అదుపు తప్పిరి. సగటున పట్టిన కాలము 178 సెకండ్లు. అనగా మూడు నిమిషములైనను కాలేదు. పొయ్యిమీది పాలు పొంగుటకును అంతకంటె ఎక్కువసేపు పట్టును. ఆ 20 మందిలో పిఱికివారు, తెలివితక్కువవారు ఉన్నారని ఎవరును చెప్పలేదు. వారి శరీరము వారికి అబద్ధము చెప్పినది; వారు నమ్మిరి.

మా చెల్లెలికి ఈ సంగతి చెప్పగా, "అయితే నేర్చినవాడు నమ్మడా?" అని అడిగెను. నేర్చుట అనగా నమ్మకుండుటయే. విమానములో ఎదుట ఆఱు పరికరములుండును: వేగము, ఎత్తు, దిక్కు, ఎక్కుటదిగుటల వడి, మలుపు, వీనికి తోడు నింగినేలల గీతను బొమ్మగా చూపు కృత్రిమమైన గీత. ఒడలంతయు "నీవు ఎడమకు ఒరిగినావు" అని గగ్గోలు పెట్టుచున్నను, పరికరము "లేదు, సమముగా నున్నావు" అన్నచో పరికరము మాటనే నమ్మి చేయి కదపక కూర్చుండవలెను. ఒక్క పరికరము చెడిన, మిగిలిన అయిదింటిని పోల్చి ఏది అబద్ధమాడుచున్నదో కనిపెట్టవలెను. మన ప్రాణమంత దగ్గఱదైన మన శరీరమును కాదనుట సులభమా? నలుగురు పిల్లలు నాలుగు మాటలు చెప్పునప్పుడు నిజమేదో ఏఱుకొను తల్లులకు ఆ నేర్పు కొంత తెలియును గాని, వారి ముందు మూడు నిమిషముల గడువు మాత్రము ఉండదు.

ఈ నేర్పు పూర్తికాక మునుపే తొందరపడినవారి కథ ప్రపంచమంతయు నెఱిగినదే. అమెరికా అధ్యక్షుడుగా నుండిన కెనడీ కుమారుడు, చిన్న జాన్ కెనడీ, 1999 జూలై 16వ తేదీ రాత్రి తన చిన్నవిమానమున భార్యను, ఆమె అక్కను ఎక్కించుకొని సముద్రతీరపు ద్వీపమునకు బయలుదేరెను. అతనికి సుమారు 310 గంటల అనుభవము కలదు. అందు 55 గంటలు రాత్రివే. అయినను పరికరముల మీదనే నడపుటకు వేఱుగా నిచ్చు అర్హత అతనికింకను రాలేదు. తోడుగా వచ్చెదనన్న శిక్షకుని వద్దనెను. నీటిపైన పొగమంచువంటి మసక కమ్ముకొని నింగియు నీరును ఒకటియై పోయెను. మువ్వురును మునిగిపోయిరి. దిక్కుతోచని భ్రమయే కారణమని విచారణ జరిపినవారు తేల్చిరి. ఆ సాయంకాలము అతడు పోకున్న ఏమయ్యెడిది? మఱునాడు ఉదయము పోయెడివాడు. అంతే.

మన జిల్లాకు ఇంకను దగ్గఱి దుఃఖ మొకటి కలదు. అది రాత్రి జరుగలేదు; చిన్నవిమానమును కాదు. జమ్మలమడుగులో పుట్టి, పులివెందులకు ప్రతినిధియై, ముఖ్యమంత్రియైన వై. యస్. రాజశేఖరరెడ్డిగారు 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయము బేగంపేటనుండి హెలికాప్టరులో చిత్తూరు జిల్లాకు బయలుదేరిరి. నల్లమలలో మేఘము కమ్మినది. మఱునాడు పావురాలగుట్టమీద శిథిలములు కనబడినవి; అందున్న అయిదుగురును మరణించిరి. ఆ రెండు దినములు మన యిండ్లలో పొయ్యి రాజలేదని చెప్పిన అతిశయోక్తి కాదు. నడపినవారు ఇరువురును అనుభవజ్ఞులే. చమురునకు సంబంధించిన హెచ్చరికదీపము వెలుగగా కొన్ని నిమిషములు వారి దృష్టి దానిపైననే నిలిచినదనియు, అంతలో ఉఱుములమేఘములోని బలమైన క్రిందిగాలి పట్టుకొన్నదనియు విచారణసంఘమువారు వ్రాసిరి. నే నీ సంగతి ఎందుకెత్తితి ననగా, నేల కనబడకపోవుటయే అసలు అపాయము. పగలు దానిని మేఘము తెచ్చును. రాత్రి అది పిలువకయే వచ్చి కూర్చుండును.

మన వైపు భూమి ఎట్టిదో తలచుకొనుడు. ప్రొద్దుటూరి అంగళ్ళ దీపములు దాటగనే పెన్న ఇసుక నల్లగా పఱచుకొనును. జమ్మలమడుగు దాటిన గండికోట లోయ, ఎఱ్ఱమల కొండలు. ముద్దనూరు దిక్కున కలమళ్ళ విద్యుత్కేంద్రపు దీపములు గుంపుగా నుండును. అచ్చటినుండి పులివెందుల వఱకు ఇచ్చట నొక పల్లె, అచ్చట నొక పల్లె. తూర్పున నల్లమల, దక్షిణమున పాలకొండలు, కొండకు దీపముండదు. దీపములు లేని మెట్టనేలకును, నక్షత్రములున్న ఆకాశమునకును హద్దెక్కడనో పైనుండి చూచువానికి తెలియుట కష్టము. దూరపు పల్లెదీపములను నక్షత్రములనుకొనుటయు, నక్షత్రములను పల్లె యనుకొనుటయు ఇట్టిచోటనే సంభవించును.

దిగునప్పుడు ఇది మఱింత చిక్కు. చుట్టును కటికచీకటియై, నడుమ రన్‌వే దీపములు మాత్రము వెలుగుచుండగా, నడపువానికి తా నున్నదానికంటె ఎక్కువ ఎత్తున నున్నట్టు తోచును. తొందరగా దిగును, దీపములను చేరకమునుపే నేల తగులును. దీనికి మందుగా రన్‌వే ప్రక్కను నాలుగు దీపములు వరుసగా నుంతురు. రెండు తెలుపు, రెండు ఎఱుపు కనబడిన దారి సరి. నాలుగును తెలుపైన మిక్కిలి ఎత్తున నున్నట్టు. నాలుగును ఎఱుపైన క్రిందికి వచ్చినావని ప్రాణాపాయపు హెచ్చరిక. పూర్వ మీ సౌకర్యములు లేవు. రెండవ మహాయుద్ధపు దినములలో, బాతుమెడవలె వంపుతిరిగిన మూతిగల కిరసనాయిలు బుడ్లను రన్‌వే పొడవున నిలిపి వెలిగించెడివారు. ఆ బుడ్డిదీపముల నడుమ ఎందఱు చిన్నవాండ్రు దిగిరో! 1949లో మన దేశమున రాత్రి విమానతపాలా మొదలైనప్పుడు మద్రాసునుండి జాబులు మోసికొని నాగపురమునకు పోవు విమానములు మన తెలుగుజిల్లాల మీదుగనే పోయెడివి. నాలుగు మహానగరముల విమానములు అర్ధరాత్రివేళ నాగపురమున కలిసికొని జాబులు మార్చుకొని తెల్లవాఱునప్పటికి తిరిగి చేరెడివి. తల్లులకు కొడుకుల జాబులు ఒక దినము ముందుగా అందినవి.

ఇంజను ఆగిపోయిన? పగలైన పొలమో, చెఱువుగట్టో వెదకికొనవచ్చును. రాత్రి ఏమి చేయవలెనని అడుగగా వైమానికులు చెప్పుకొను పాత హాస్యోక్తి యొకటి నాకు వినవచ్చెను: నేల దగ్గఱపడగనే దీపము వెలిగించి చూడుము, కనబడినది నచ్చకున్న దీపము ఆర్పివేయుము! నవ్వు వచ్చినది గాని మా చెల్లెలికి ఈ మాట నేను చెప్పలేదు. ఒకే ఇంజనుగల చిన్నవిమానమున రాత్రి ఎగురుటలో ఈ అపాయమునకు నిండైన మందు లేదు. విమానాశ్రయమునకు దగ్గఱగా నుండుట, ఎత్తున నుండుట, బయలుదేరుటకు ముందు ఇంధనమును నూనెను కన్నులార చూచుకొనుట, ఇవి అపాయమును తగ్గించును, తీసివేయవు.

అమెరికాదేశపు అమీలియా ఎయిర్‌హార్ట్ 1932 మే 20వ తేదీ సాయంకాలము ఒంటరిగా అట్లాంటిక్ సముద్రముపైన బయలుదేరిన రాత్రి ఎత్తు చూపు పరికరమే చెడిపోయెను. తుపాను, రెక్కలపై మంచుగడ్డ. సుమారు 15 గంటలకు ఐర్లండులో ఒక పసులబీటిలో దిగెను. ఆమె సాహసమును నేనును మెచ్చుకొందును గాని, మా పిల్లకు దానిని ఆదర్శముగా చూపను. నేటి పాఠశాలలో అట్టి సాహసము నేర్పరు, నేర్పకూడదు.

మఱి నేర్పునది ఏమన, మొదట పగటివేళ శిక్షణ బాగుగా కుదురుకొనిన పిమ్మటనే రాత్రి మొదలుపెట్టుదురు. సంధ్యవేళ శిక్షకునితో లేచి, వెలుతురు తగ్గుచుండగా చుట్టు తిరుగుచు, చీకటిపడునప్పటికి కన్నును మనస్సును అలవఱచుకొందురు. లేచునప్పుడు విమానము వేగము పుంజుకొనగా ముక్కు అతిగా లేచినట్టు భ్రమ కలుగును. దానిని నమ్మి క్రిందికి త్రోసినచో నేలయే గతి. కావున లేవగనే బయట చూపు విడిచి పరికరములపై చూపు నిలుపుట అలవాటు చేయుదురు. దిగు దీపము వెలిగించి కొన్నిమార్లు, ఆర్పి కొన్నిమార్లు దిగింతురు. విద్యుత్తు పోయినట్టు భావించి చేతిదీపముతో పరికరములు చదివింతురు. శిక్షకునికి నమ్మకము కుదిరిననాడు అతడు దిగిపోయి, ప్రక్కపీట ఖాళీగా నుంచి పంపును.

ఇంకొకటి దాచిన పాపము. మన తెలుగునేలపై ఇటీవల నేర్చుకొను పిల్లల ప్రాణములు తీసిన ప్రమాదములు పట్టపగలు జరిగినవే. 2019 అక్టోబరు 6వ తేదీన బేగంపేటనుండి లేచిన చిన్నవిమానము వికారాబాదు జిల్లా సుల్తానుపురమువద్ద పొలములో కూలి నేర్చుకొనువా రిరువురు మరణించిరి, ఒకరు ఆడపిల్ల. 2022 ఫిబ్రవరి 26వ తేదీన నల్లగొండ జిల్లా పెద్దవూర మండలమున ఒంటరిగా ఎగురుచున్న మఱియొక ఆడపిల్ల. ఇద్దఱును ఒక తల్లి కన్నబిడ్డలే. రాత్రికి జడిసి పగటిని నమ్ముటయు భ్రమయే యగును. ఏ వేళనైనను, ఆనాడు ఆకాశ మెట్లున్నది, విమాన మెట్లున్నది, పిల్ల నిద్రపోయినదా, అను మూడింటిని ఎవరు చూచుచున్నారు? ఫీజు కట్టినాము, గంటలు పూర్తికావలెను, వరుస తప్పిన మఱల ఎప్పుడో యను ఒత్తిడి కుఱ్ఱవాండ్రపై నుండును. "నేడు వద్దు" అన్న పిల్లను వెక్కిరించు పాఠశాల యెంత పేరున్నదైనను మన బిడ్డకు తగదు.

ఇదంతయు పోయిన ఆదివారము మా మరిది పులివెందులనుండి వచ్చినప్పుడు చెప్పితిని. అతడు మితభాషి. అంతయు విని, "ఆ కుర్చీ ఏదీ?" అనెను. కూర్చుండబెట్టి, కన్నులు మూయించి త్రిప్పితిమి. ఆపితిమి. అతడు నిబ్బరముగా కుడిప్రక్కకు చేయి చాచి, "ఇటు పోవుచున్నాను" అనెను. కుర్చీ కదలుట లేదని కన్నులు తెఱచి చూచినప్పుడు ఆ ముఖము నేను మఱువలేను. పిల్ల నవ్వలేదు. కొంతసేపటికి అతడు దానివైపు తిరిగి, "అమ్మా, నీకు వద్దని తోచిన రాత్రి వద్దని చెప్పిన వారేమందురో కనుక్కొంటివా?" అని అడిగెను.

"లేదు నాయనా."

"అయితే కనుక్కొందము" అని లేచెను. సోమవారము తెల్లవాఱుజామున తండ్రికూతులు ఇరువురును కడప బస్సెక్కిరి. మా చెల్లెలు వాకిట నిలిచి, బస్సు మలుపు తిరుగువఱకు చూచి, లోపలికి వచ్చి, తిరుగుకుర్చీని గోడవైపు త్రోసి దానిపై ఉతికిన బట్టలు పెట్టినది.